కాటలిటిక్ కన్వర్టర్: చెడిపోవడం, మార్చడం

కాటలిటిక్ కన్వర్టర్ కారు అడుగున, ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య పొగగొట్టంలో ఉండే స్టెయిన్‌లెస్ స్టీలు డబ్బా. బయటి నుంచి చూస్తే చిన్న సైలెన్సర్ లాగే కనిపిస్తుంది. లోపల మాత్రం తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. దాన్ని చేసే పదార్థం పేరు కార్డియరైట్. మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్ ఆక్సైడ్ల కలయిక అది. వేడికి అది దాదాపు సాగదు. స్టార్టయిన కొద్ది నిమిషాల్లో వందల డిగ్రీలకు చేరి, ఇంజిన్ ఆపగానే మళ్లీ చల్లబడే చోట మామూలు పింగాణీ అయితే నాలుగు రోజుల్లో పగిలిపోతుంది. 1970ల మొదట్లో అమెరికాలోని కార్నింగ్ సంస్థలో రాడ్నీ బాగ్లీ, ఇర్విన్ లాక్‌మన్, రొనాల్డ్ లూయిస్ ఈ దిమ్మెల తయారీకి దారి వేశారు. ఆ పద్ధతి జంతికల గొట్టాన్ని గుర్తుచేస్తుంది: మెత్తటి ముద్దను అచ్చులోంచి ఒత్తితే నిలువునా సన్నటి రంధ్రాలతో కడ్డీ బయటికి వస్తుంది, దాన్ని ఆరబెట్టి కాలుస్తారు. సాధారణ దిమ్మెలో చదరపు అంగుళానికి 400 రంధ్రాలు ఉంటాయి. రంధ్రానికీ రంధ్రానికీ మధ్య గోడ మందం 0.15 మిల్లీమీటర్ల పాటి. దిమ్మెను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వైపు జల్లెడలోంచి చూసినట్టు కనిపిస్తుంది.

పింగాణీ చేసేది మోసే పని మాత్రమే. అసలు పని ఆ గోడల మీది పూతది. గామా అల్యూమినా అనే పొడిని పలచగా పూస్తారు. ఈ పొడి ఒక్క గ్రాములోని సూక్ష్మరంధ్రాల గోడలన్నీ విప్పి పరిస్తే వంద చదరపు మీటర్లు దాటుతుంది. అంత విశాలమైన నేల మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం రేణువులు చల్లినట్టుగా ఉంటాయి. మూడూ కలిపి కొన్ని గ్రాములే. ప్లాటినం, పల్లాడియం కలిసి కార్బన్ మోనాక్సైడ్‌నూ, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరినీ ఆక్సిజన్‌తో కలిపి కార్బన్ డయాక్సైడ్‌గా, నీటి ఆవిరిగా మారుస్తాయి. రోడియం చేసేది దానికి ఎదురు పని: నైట్రోజన్ ఆక్సైడ్ల నుంచి ఆక్సిజన్‌ను ఊడదీసి, మామూలు నైట్రోజన్‌ను వదిలిపెడుతుంది.

ఒకే డబ్బాలో ఆక్సిజన్‌ను తగిలించే పనీ, తొలగించే పనీ ఒకేసారి జరగాలంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలికీ పెట్రోలుకూ లెక్క తప్పకూడదు. బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు. ఈ లెక్కను కాపాడటానికే కన్వర్టర్‌కు ముందు ఒక ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. అది చెప్పినదాన్ని బట్టి కారు కంప్యూటర్ పెట్రోలును సెకను సెకనుకూ కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులను సర్దుకోవడానికి పూతలో మరో పదార్థం కలుపుతారు. అది సీరియం ఆక్సైడ్. పొగలో ఆక్సిజన్ ఎక్కువైన క్షణంలో దాన్ని పీల్చుకుని దాచి, తక్కువైన క్షణంలో బయటికి ఇస్తుంది. ఈ దాపు సామర్థ్యం గురించి ముందే తెలిసి ఉండటం మంచిది. కన్వర్టర్ చెడిపోయిందని కారు ఎలా కనిపెడుతుంది, చౌక పార్టు ఎందుకు త్వరగా ఓడిపోతుంది అనే రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

ఈ డబ్బా రోడ్డు మీదికి రావడానికి అడ్డుపడింది సీసం. అమెరికాలో స్థిరపడిన ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ హూడ్రీ 1950ల్లోనే కార్ల పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకాలను తయారుచేశాడు. కానీ ఆనాటి పెట్రోలులో కలిపే సీసం ఆ లోహాల మీద పేరుకుని వాటిని పనికిరాకుండా చేసేది. 1970 నాటి స్వచ్ఛవాయు చట్టం బిగిసిన తర్వాత, 1975 మోడళ్లతో అమెరికాలో కన్వర్టర్లూ, సీసం లేని పెట్రోలూ కలిసి అడుగుపెట్టాయి. మూడు విషవాయువులనూ ఒకేచోట తీర్చే రకాన్ని ఎంగెల్‌హార్డ్ సంస్థలో జాన్ మూనీ, కార్ల్ కీత్ బృందం రూపొందించింది. భారతదేశంలో 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి అయింది. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలు వచ్చింది. కన్వర్టర్‌ను కాపాడటానికి సీసాన్ని తీసేయడం వల్ల పిల్లల రక్తంలోకి చేరే సీసం కూడా తగ్గింది. పొగను శుభ్రం చేసిన మేలు కంటే ఇది చిన్నదేమీ కాదు.

ఎందుకు చెడిపోతుంది

ఉత్ప్రేరకం చర్యను నడిపిస్తుంది, తాను మాత్రం ఖర్చయిపోదు. ఆ లెక్కన కన్వర్టర్ కారు ఉన్నంతకాలం ఉండాలి, చాలా కార్లలో ఉంటుంది కూడా. చెడిపోయిందంటే దాదాపు ఎప్పుడూ దాన్ని చంపింది ఇంజినే. ఈ ఒక్క సంగతి తెలియకపోవడం వల్ల ఎంతోమంది వందల డాలర్లు పోసి కొత్త కన్వర్టర్ బిగించి, ఏడాది తిరక్కుండానే డ్యాష్‌బోర్డు మీద మళ్లీ అదే హెచ్చరిక దీపం చూస్తారు.

మొదటి శత్రువు మిస్సింగ్. ఒక సిలిండర్‌లో స్పార్క్ సరిగా పడకపోతే అక్కడి పెట్రోలూ గాలీ మండకుండానే పొగగొట్టంలోకి వెళ్లి, ఎర్రగా కాలుతున్న దిమ్మెలో మండుతాయి. మామూలుగా 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాల్సిన వేడి దాన్ని దాటి ఎగబాకుతుంది. ముందుగా అల్యూమినా రంధ్రాలు మూసుకుపోతాయి. విడివిడిగా ఉన్న లోహ రేణువులు దగ్గరికి చేరి ముద్దలు కడతాయి. ఇంకా పెరిగితే, 1,450 డిగ్రీల ప్రాంతంలో పింగాణీయే కరిగి దారి మూసుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద ‘చెక్ ఇంజిన్’ దీపం నిలకడగా వెలగకుండా మిణుకుమంటోందంటే కారు చెబుతున్నది ఇదే: కన్వర్టర్ కాలిపోతోంది, వేగం తగ్గించి ఆపమని.

రెండో శత్రువు నెమ్మదిగా చంపుతుంది. ఆయిల్ తాగే ఇంజిన్‌లో ఆ ఆయిల్‌తో పాటు భాస్వరం మండి వచ్చి పూత మీద గాజు పొరలా పేరుకుంటుంది. ఇంజిన్ భాగాలు అరగకుండా ఆయిల్‌లో కలిపే జింకు, భాస్వరాల సమ్మేళనమే దీనికి మూలం. హెడ్ గ్యాస్కెట్ లీకైతే కూలెంట్‌లోని సిలికేట్లు కూడా ఇలాగే చేరతాయి. ఇక రాయి తగిలో, చల్లటి నీటిగుంటలో దిగబడో దిమ్మె పగలడం మూడో రకం. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో డబ్బాను మెల్లగా తట్టితే లోపల గులకరాళ్లు కదిలినట్టు చప్పుడు వస్తుంది.

చెడిపోయిందని నిర్ధారించడం

1996 మోడళ్ల నుంచి అమెరికా కార్లన్నిటిలో ఓబీడీ-2 అనే స్వయంపరీక్షా వ్యవస్థ ఉంది. కన్వర్టర్‌కు ముందున్న సెన్సార్ సాధారణ రకమైతే దాని వోల్టేజీ 0.1కీ 0.9కీ మధ్య చకచకా ఊగుతూ ఉంటుంది. వెనుక ఉన్న రెండో సెన్సార్ వోల్టేజీ నిలకడగా ఉండాలి, ఎందుకంటే మధ్యలో సీరియం ఆక్సైడ్ ఆ ఊపును మింగేస్తుంది. వెనుక సెన్సార్ కూడా ముందు సెన్సార్‌లాగే ఊగడం మొదలైతే ఆక్సిజన్‌ను దాచుకునే శక్తి పోయిందని కంప్యూటర్ తేల్చుకుని పి0420 అనే కోడు రాసిపెడుతుంది. అంటే కారు పొగలోని విషవాయువులను నేరుగా కొలవడం లేదు, ఆక్సిజన్ దాపును చూసి ఊహిస్తోంది.

ఊహ కాబట్టి అది తప్పయ్యే దారులూ ఉన్నాయి. వెనుక సెన్సార్‌కు ముందు పైపులో సన్నటి చీలిక ఉంటే చాలు. పొగ ఒకే ధారగా రాదు, సిలిండర్ సిలిండర్‌కూ ఒక తోపుగా వస్తుంది. రెండు తోపుల మధ్య క్షణకాలం పీడనం పడిపోయి ఆ చీలికలోంచి బయటి గాలి లోపలికి జొరబడుతుంది. ఆ ఆక్సిజన్ సెన్సార్‌ను మోసం చేస్తుంది. అందుకే పి0420 కనబడగానే పార్టు కొనడం తొందరపాటు. ముందు మిస్సింగ్ కోడులు ఉన్నాయేమో చూడాలి. ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేసి జాయింట్ల దగ్గర టిక్కు టిక్కుమనే చప్పుడు, మసి మరకలు వెతకాలి. ఆయిల్ ఎంత తాగుతోందో లెక్క చూడాలి. స్కానర్‌లో రెండు సెన్సార్ల గీతలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. కారుకు పికప్ లేకపోతే కన్వర్టర్ మూసుకుపోయి ఉండవచ్చు. ముందు సెన్సార్ తీసి ఆ రంధ్రానికి ప్రెషర్ గేజీ బిగించి, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3 పీఎస్‌ఐ దాటితే దారి మూసుకుపోయిందని గట్టిగా అనుమానించవచ్చు.

ఏ పార్టు కొనాలి

పనిముట్టు పట్టుకునే ముందు వారంటీ కాగితం చూడాలి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం కారు కంపెనీ కన్వర్టర్‌కు 8 ఏళ్లు లేదా 80,000 మైళ్ల వారంటీ ఇవ్వాలి. ఆ గడువులో ఉన్న కారుకు డీలరు ఉచితంగా మారుస్తాడు. ఆ గడువులో బయటి పార్టు బిగించడం నష్టమే కాదు, నిబంధనలకు విరుద్ధం కూడా. బాగా పనిచేస్తున్న కన్వర్టర్‌ను తీసేసి ఖాళీ పైపు బిగించడం అయితే ఎవరు చేసినా చట్టవిరుద్ధమే.

గడువు దాటిన కారుకు రెండు దారులు. కంపెనీ పార్టు వెయ్యి డాలర్లు దాటడం మామూలు. బయటి సంస్థలు చేసే ఆఫ్టర్‌మార్కెట్ పార్టు అందులో కొంత భాగానికే దొరుకుతుంది. తేడా ఎక్కడి నుంచి వస్తుందంటే ఎక్కువగా లోహాల నుంచే. రోడియం ధర 2021 వసంతంలో ఔన్సుకు 29 వేల డాలర్ల దాకా పోయింది. అలాంటి సరుకును తగ్గించి వాడితే డబ్బా చౌకవుతుంది. సీరియం పూత కూడా పలచబడితే ఆక్సిజన్ దాపు మొదటి నుంచే అంచున నిలుస్తుంది. కొత్త పార్టు బిగించిన కొన్ని నెలలకే పి0420 తిరిగి రావడానికి ఒక కారణం ఇది. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1986లో పెట్టిన నియమాల ప్రకారం కొత్త ఆఫ్టర్‌మార్కెట్ కన్వర్టర్ పొగను 25,000 మైళ్ల వరకు శుభ్రపరచగలగాలి, డబ్బా నిర్మాణానికి 5 ఏళ్లు లేదా 50,000 మైళ్ల వారంటీ ఉండాలి. అంటే చట్టం దృష్టిలోనే అది కంపెనీ పార్టుకు సమానం కాదు.

కాలిఫోర్నియా పద్ధతి వేరు. అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఒక్కో ఆఫ్టర్‌మార్కెట్ కన్వర్టర్‌ను ఏయే ఇంజిన్లకు వాడవచ్చో పరీక్షించి అనుమతి నంబరు ఇస్తుంది. ఆ నంబరు డబ్బా మీద చెక్కి ఉండాలి. పాతబడిన కార్లకు రెండేళ్లకోసారి జరిగే స్మాగ్ పరీక్షలో దాన్ని కంటితో చూసి సరిచూస్తారు. న్యూయార్క్, కొలరాడో, మెయిన్ రాష్ట్రాలు కూడా ఈ బాటే పట్టాయి. ఫ్రీమాంట్, శాన్ హోజే ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్లలో వేరే రాష్ట్రం నుంచి కారుతో సహా వచ్చినవాళ్లు ఇక్కడ తడబడుతుంటారు. ‘ఈ మోడలుకు సరిపోతుంది’ అని అమ్మకందారు రాస్తే సరిపోదు. బానెట్ కింద అతికించిన లేబుల్ మీద ఇంజిన్ ఫ్యామిలీ సంకేతం ఉంటుంది. అనుమతి ఆ సంకేతానికి ఉందో లేదో చూసుకున్నాకే కొనాలి. ఒకే ఏడాది, ఒకే మోడలు కార్లలోనూ ఈ సంకేతాలు వేరుగా ఉండవచ్చు.

కొన్ని కార్లలో కన్వర్టర్ ఇంజిన్‌కు ఆనుకుని మానిఫోల్డ్‌తో కలిసే ఉంటుంది. దాన్ని మార్చడం ఇంటి పని అనిపించుకోదు. కారు అడుగున, రెండు వైపులా బోల్టులతో బిగించి ఉండే రకమైతే మార్చవచ్చు. అందులోనూ ఆ కారుకే కొలిచి చేసిన ‘డైరెక్ట్ ఫిట్’ తీసుకోవాలి. కోసి వెల్డింగ్ చేసే ‘యూనివర్సల్’ రకం వర్క్‌షాపుకు వదిలేయడం మేలు.

మార్చే పని

ఈ పనిలో సగం తుప్పుతో పోరాటం. శీతాకాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల్లో బోల్టుల తలలు అరిగి గుండ్రంగా మారి ఉంటాయి. అందుకే పని ముందు రోజు సాయంత్రమే మొదలవుతుంది: చల్లబడిన బోల్టుల మీద, సెన్సార్ మరల మీద తుప్పును వదిలించే నూనె చల్లి రాత్రంతా నాననివ్వాలి. పొగగొట్టం పూర్తిగా చల్లారడానికి కూడా ఆ రాత్రి అక్కరకొస్తుంది.

కారును సమతలమైన కాంక్రీటు నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, నేలను తాకే చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టాలి. జాకీతో లేపి, కంపెనీ చూపిన చోట్ల జాక్ స్టాండ్లు పెట్టి, వాటి మీదికి బరువు దించాలి. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. జాకీలో ఒక రబ్బరు సీలు వదిలితే టన్నుకు పైగా బరువు ఛాతీ మీదికి దిగుతుంది. స్టాండ్ల మీద పెట్టాక చేత్తో గట్టిగా కుదిపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్లాలి. తుప్పు పొడి పైనుంచి సూటిగా కళ్లలో పడుతుంది కాబట్టి కళ్లద్దాలు ఉండాలి.

మొదట సెన్సార్ ప్లగ్గు విప్పాలి. సెన్సార్‌ను దాని కోసమే చేసిన, పక్కన వైరు పట్టేంత చీలిక ఉన్న సాకెట్‌తో తిప్పాలి. చాలా కార్లకు 22 మిల్లీమీటర్లది సరిపోతుంది. కదలకపోతే ఇంజిన్‌ను ఒకట్రెండు నిమిషాలు నడిపి లోహం గోరువెచ్చబడ్డాక ప్రయత్నిస్తే తేలిక. తర్వాత ఉష్ణ కవచాలు, ఆపైన రెండు చివర్ల ఫ్లాంజి బోల్టులు. పానాకు లొంగని నట్టును గ్రైండర్‌తో కోసేయడమే నయం. తల అరిగిపోయేదాకా దాంతో కుస్తీ పట్టడం వల్ల మరింత నష్టం. అయితే పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు ఎటున్నాయో చూసుకోకుండా నిప్పురవ్వలు రేపకూడదు. ఆఖరి బోల్టు విప్పే ముందు డబ్బా కింద ఏదైనా ఆసరా పెట్టాలి. లేకపోతే బరువంతా రబ్బరు కొక్కేల మీద, వెనుక సైలెన్సర్ మీద పడి ఇంకో జాయింటు ఊడుతుంది. రబ్బరు కొక్కేలకు సబ్బు నీళ్లు రాస్తే సులువుగా జారతాయి.

కొత్త డబ్బా మీద బాణం గుర్తు పొగ పోయే దిక్కుకు ఉండాలి. పాత గ్యాస్కెట్ వాడాలన్న ఆలోచన వద్దు, ఒకసారి నలిగిన గ్యాస్కెట్ మళ్లీ సీలు కాదు. సీలు కాకపోతే ఇందాక చెప్పిన మోసపు గాలి లోపలికి వచ్చి, కొత్త కన్వర్టర్ మీదే చెడిపోయిందన్న కోడు పడుతుంది. గ్యాస్కెట్‌కు బదులుగా కన్వర్టర్‌కు ముందు జాయింట్లకు సిలికాన్ పేస్టు పూయడం ఇంకా పెద్ద తప్పు. వేడికి అందులోంచి వచ్చే సిలికాన్ ఆవిరి సెన్సార్ కొన మీద పేరుకుంటుంది. బోల్టులన్నీ ముందు చేత్తో వదులుగా ఎక్కించి, పైపు ఎక్కడా కారు అడుగుకు తగలకుండా సర్ది, ఆ తర్వాత ఇంజిన్ వైపు నుంచి వెనక్కి వరసగా బిగించాలి. సెన్సార్ మరలకు రాసే పేస్టు దాని కొనకు అంటకూడదు. బిగువు చాలా కార్లలో 40 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, కచ్చితమైన అంకె ఆ కారు మాన్యువల్లో చూడాలి. ఉష్ణ కవచాలు తప్పక తిరిగి బిగించాలి. కవచం లేని కన్వర్టర్ ఎండుగడ్డి మీద ఆగితే అంటుకుంటుంది.

మొదటి స్టార్ట్ ఆరుబయటే చేయాలి. 250 డిగ్రీలు దాటేదాకా కన్వర్టర్ దాదాపు ఏ పనీ చేయదు. చల్లటి ఇంజిన్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ అంతా అలాగే బయటికి వస్తుంది, మూసిన గ్యారేజీలో అది ప్రాణం తీస్తుంది. మొదటి నిమిషాల్లో తయారీలో అంటిన నూనెలు కాలి పొగ, వాసన వస్తాయి. కొద్దిసేపు యాక్సిలరేటర్ తొక్కకుండా వదిలేయాలి. దిమ్మెకూ డబ్బాకూ మధ్య చుట్టిన పీచు పరుపు వేడికి ఉబ్బి దిమ్మెను గట్టిగా పట్టుకునేది ఆ మొదటి వేడిలోనే. జాయింట్ల దగ్గర ఉఫ్‌మనే చప్పుడు లేకపోతే పని కుదిరినట్టు.

తర్వాత స్కానర్‌తో కోడు చెరిపేస్తే దీపం ఆరిపోతుంది. దాంతో పాటు కారు చేసుకున్న స్వయంపరీక్షల ఫలితాలు కూడా చెరిగిపోతాయి. కన్వర్టర్ పరీక్ష మళ్లీ పూర్తి కావాలంటే చల్లటి స్టార్ట్‌లూ, హైవే మీద నిలకడ వేగంతో ప్రయాణాలూ కొన్ని రోజులు కావాలి. స్కానర్‌లో ఆ పరీక్ష ‘పూర్తి’ అని చూపించాకే స్మాగ్ కేంద్రానికి వెళ్లాలి. కోడు చెరిపిన మర్నాడే వెళ్లిన కారును వెనక్కి పంపేస్తారు.

మిగిలేది పాత డబ్బా. దాన్ని కోసి చూడాలన్న కోరిక సహజమే కానీ, లోపలి పరుపు పీచు, దిమ్మె ధూళి ఊపిరితిత్తులకు మంచివి కావు. ప్రియస్ లాంటి కార్ల కింద నుంచి దొంగలు కోసుకుపోయేది ఈ డబ్బానే కాబట్టి కొనేవాళ్లు చాలా రాష్ట్రాల్లో గుర్తింపు, వాహన వివరాలు అడుగుతారు. కొత్త పార్టు బిల్లు, కారు రిజిస్ట్రేషన్ వెంట ఉంచుకోవాలి. పునర్వినియోగ కేంద్రంలో స్టీలు తొడుగును విడదీసి, పింగాణీని పొడి చేసి, నమూనా తీసి లోహాల పాలు కొలిచి, కొలిమిలో కరిగించి ప్లాటినం, పల్లాడియం, రోడియంలను వేరుచేస్తారు. దక్షిణాఫ్రికా గనుల్లో టన్ను రాతిని తవ్వినా కొన్ని గ్రాములకు మించి దొరకని లోహాలివి. పాత డబ్బాకు ఇచ్చే ధర కొత్త పార్టు ఖర్చులో కొంత తిరిగి తెస్తుంది.